గీతలు పడ్డ వాచీనే కొనండి

వాచీలు సేకరించడం గురించి తెలిసినవాళ్ళను ఎవరినడిగినా మొదట చెప్పే మాటలు ఇవే. డబ్బా ఉండాలి. బిల్లుండాలి. గ్యారంటీ కార్డు మీద దుకాణం ముద్ర ఉండాలి. అద్దం మీద ఒక్క గీత కూడా ఉండకూడదు. స్విస్ వాచీల వేలంపాటల్లో ధర పెరిగేదీ తరిగేదీ వీటి మీద కూడా. నస్పూర్‌లోనో, శ్రీరాంపూర్‌లోనో, ఏటి అవతల గోదావరిఖనిలోనో ఉండి ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు నా సలహా దీనికి సరిగ్గా తలకిందులు. డబ్బాలో, ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా ఉన్న వాచీ కనబడితే కొనకండి. దాన్ని ఎవరూ పెట్టుకోలేదు. దాన్ని చూసుకుని ఎవరూ డ్యూటీకి ఉరకలేదు. అది ఇంకా వాచీ కాలేదు, సరుకుగానే ఉండిపోయింది.

గీతలు పడ్డదే కొనండి. పూత పోయి లోపలి ఇత్తడి బయటపడ్డదైతే మరీ మంచిది.

చవక కోసం ఈ మాట చెప్పడం లేదు. ఇవాళ లక్షలు పలుకుతున్న వాచీల్లో చాలావి ఒకప్పుడు పనిముట్లే. రోలెక్స్ సబ్‌మెరీనర్ 1953లో వచ్చింది, సముద్రంలో మునిగి పనిచేసేవాళ్ళ కోసం. అదే కంపెనీ మిల్‌గాస్ 1956లో వచ్చింది, అయస్కాంత క్షేత్రాల దగ్గర పనిచేసే ఇంజనీర్లు, శాస్త్రవేత్తల కోసం. 1969 డిసెంబరులో జపాన్ సైకో కంపెనీ క్వార్ట్జ్ వాచీ తెచ్చింది. బ్యాటరీతో నడిచేది, కీ ఇచ్చే పని లేనిది, ఏ స్ప్రింగు వాచీ కంటే కచ్చితమైనది. ఆ దెబ్బకు టైం చూసుకోవడానికి స్ప్రింగు వాచీ అక్కర్లేకుండా పోయింది. స్విస్‌వాళ్ళు దాన్ని నగగా మార్చి బతికించుకున్నారు. 1972లో ఆడెమార్ పిగే వాళ్ళు రాయల్ ఓక్ అనే స్టీలు వాచీకి బంగారు వాచీ ధర పెట్టి అమ్మి చూపించారు. అప్పటినుంచి వాచీల సేకరణ నగల సేకరణ దారి పట్టింది. డబ్బా, బిల్లు, ముద్ర అనే పట్టింపులు అక్కడివే.

మా దగ్గర అలా జరగలేదు. సింగరేణి బొగ్గుబాయిల ఊళ్ళలో స్ప్రింగు వాచీ చేతి మీంచి దిగి నేరుగా సందుగలోకి పోయింది. మధ్యలో నగ కాలేదు. అందుకే పనిచేసిన వాచీలు, పని గుర్తులు చెరగకుండా, ఇంకా ఇక్కడ దొరుకుతాయి. నగల సేకరణ నియమాలు పట్టుకుని వెతికితే అవి మీ కళ్ళముందున్నా కనబడవు.

క్వార్టర్ ఖాళీ చేసే ఇంటికి పొండి

ఆన్‌లైన్‌లో కొనవద్దు. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌కు, ఎర్రగడ్డ ఆదివారం సంతకు పోవద్దని అనను. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోయి చూసి రండి, కంటికి అలవాటవుతుంది. కొనడం మాత్రం ఇక్కడే, వాచీ పెట్టుకున్న మనిషి ఇంట్లోనే.

కార్మికుడు రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. ముప్పై ఏండ్ల సామాను కిందికి దిగేది అప్పుడే. ఆటోట్రాలీ వచ్చి నిలబడ్డాక సజ్జ మీది పెట్టెలు దింపుతారు. పాత పాసుపుస్తకాలు, యూనియన్ మహాసభ సంచి, పిల్లల మార్కుల కాగితాలు, వాటి అడుగున గుడ్డలో చుట్టిన వాచీ. అది తుక్కువాడి చేతికి పోవడానికి ఒక్క పూట చాలు. కాబట్టి సన్మానసభకు పిలిస్తే శాలువా కప్పి వచ్చేయకండి. సామాను దింపే రోజు కూడా పోయి నాలుగు పెట్టెలు మోయండి.

అక్కడ వాచీ కనబడ్డాక ధర అడగకండి. ధర అడిగిన మరుక్షణం ఇంట్లోవాళ్ళకు అది అమ్మే వస్తువైపోతుంది, కథ ఆగిపోతుంది. ముందు అడగాల్సింది ఇది: "అవ్వా, ఈ వాచీ బాపు ఎప్పుడు కొన్నడు?" ఇక ఆ అవ్వ చెప్తుంది. పెండ్లికి పెట్టిందా, చిట్టీ పాడి కొన్నదా, ఏ బాయి మీద పనిచేసేటప్పుడు కొన్నది, ఎవరి చేతికి పోయి తిరిగొచ్చింది, అన్నీ. ఆ మాటలు ఇంటికొచ్చి కాగితం మీద రాసుకోండి. స్విస్ సేకరణదారుడు గ్యారంటీ కార్డుకు ఇచ్చే విలువ మీరు ఈ కాగితానికి ఇవ్వాలి. చెప్పేటప్పుడు ఆమె గొంతు ఆగితే ఆ రోజు కొనే ప్రయత్నం మానుకోండి. వాచీ పెట్టుకున్న మనిషి బతికే ఉంటే అసలు కొనొద్దు. సర్వీసు చేయించి ఆయన చేతికే పెట్టండి. మీ సేకరణలో అది కూడా లెక్కే. వాచీ మీ ఇంట్లో లేకపోతే ఏమైంది?

నడవని వాచీ కొనండి

"నడుస్తదా?" అని అడిగి, నడిస్తేనే కొనాలని అందరూ చెప్తారు. నడుస్తున్న పాత వాచీ ప్రమాదకరం. లోపల నూనె ఎండిపోయి ఏండ్లయినా కీ ఇస్తే అది తిరుగుతూనే ఉంటుంది. పళ్ళచక్రాల ఇరుసులు ఎండు రాళ్ళ మీద ఒరుసుకుంటూ అరిగిపోతాయి. ఆగిపోయిన వాచీ చాలాసార్లు మురికికే ఆగుతుంది. కడిగి నూనె పెడితే లేస్తుంది. దాని ఇరుసులు అరగకుండా మిగిలి ఉంటాయి.

మా ప్రాంతపు వాచీ విప్పితే ఎక్కడ చూడాలో చెప్తాను. కీ లోపలికి దిగే చోట సన్నని గొట్టం ఉంటుంది. పాత హెచ్‌ఎంటి జనతాలాంటి వాచీల్లో అక్కడ నీళ్ళను, దుమ్మును గట్టిగా ఆపేదేమీ లేదు. బాయిలోని దుమ్ము చెమటతో కలిసి ఆ గొట్టంలో చేరుతుంది. మెకానిక్ కీ లాగితే కడ్డీకి నల్లటి జిడ్డు చుట్టుకుని వస్తుంది. తెల్ల కాగితం మీద తుడిస్తే గీత పడుతుంది. వేలితో నలిపితే సన్నటి ఇసుకలా తగులుతుంది. అది బొగ్గే. కడిగే ముందు ఆ జిడ్డు కాస్త కాగితంలోనే మడిచి, వాచీ వివరాలు రాసిన కాగితంతో పాటు దాచండి. మెకానిక్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

బాయిలోకి దిగినాక పొద్దు కనబడదు. తలకున్న బత్తి వెలుగు ఎంత దూరం పడితే అంతే లోకం. సర్దార్లు, ఓవర్‌మెన్లు తమ రిపోర్టుల్లో వేళ రాయాలి కాబట్టి వాళ్ళకు వాచీ కావలసిందే. తట్టా చెమ్మసూ పట్టిన ఫిల్లర్లలో చాలామంది దాన్ని ఇంట్లోనే పెట్టి పోయేవాళ్ళు. అందుకే రెండు రకాల వాచీలు దొరుకుతాయి. ఒకదానికి లోపల నలుపు, ఇంకొకదానికి బయట అరుగుదల. పక్కపక్కన పెడితే ఎవరిదేదో మీకే తెలుస్తుంది. ఇప్పుడు బాయిలో పనిచేసేవాళ్ళకు ఒక మాట: గేటు దగ్గర తనిఖీలో ఏది వద్దంటే అది ఇంట్లోనే ఉండాలి. సరదా కోసం ఏ వాచీనీ లోపలికి తీసుకుపోవద్దు.

ఒకే వాచీ పది కొనండి

రకరకాలు ఉండాలని, ఏదీ రెండోది ఉండకూడదని సేకరణదారుల పట్టింపు. నేను చెప్పేది, జనతాలే పది కొనండి. ఆ తర్వాత పైలట్ల జోలికి పొండి.

హెచ్‌ఎంటి 1953లో బెంగళూరులో పుట్టింది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో చేతి గడియారాలు మొదలుపెట్టింది. జనతా, పైలట్, జవాన్, కోహినూర్, సోనా, సుజాత, కాంచన్. ఈ పేర్లు తెలియని కార్మిక కుటుంబం ఉండదు. కాంచన్ అయితే కీ ఇవ్వక్కర్లేని ఆటోమేటిక్, వారం, తేదీ చూపించేది. అల్లుడికి కాంచన్ పెడతామంటే పెండ్లి మాటలు సగం కుదిరినట్టే అనుకున్న కాలం ఒకటుంది. 2016 జనవరిలో ఆ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది.

జనతాలు, పైలట్లు, జవాన్లు చాలావాటిలో లోపల ఉండే యంత్రం ఒక్కటే, 0231 అనే నెంబరుది. 17 రాళ్ళు, గంటకు 18,000 కొట్టుళ్ళు. అంటే సెకనుకు ఐదు, ఎనిమిది గంటల షిఫ్టుకు 1,44,000. డయల్ మీద పారా షాక్ అని రాసి ఉంటుంది. దెబ్బ తగిలినా బ్యాలెన్స్ వీల్ ఇరుసు విరగకుండా కాపాడే ఏర్పాటు అది. యంత్రం ఒక్కటే కాబట్టి ఒకదాని చక్రం ఇంకొకదానికి అతుకుతుంది. పది చచ్చిన జనతాల్లోంచి ఆరో ఏడో బతికించుకోవచ్చు, మిగిలినవి వాటికి స్పేర్లవుతాయి. పది రకాల అరుదైన వాచీలు కొన్నవాడికి ఒక్క స్ప్రింగు తెగితే చేసేదేమీ లేదు.

ఇంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. పది జనతాలు వరసగా పరిచి చూడండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు పదీ ఒక్క తీరే ఉండేవి. ఇప్పుడు ఒకదానికి కీ వైపు పూత మొత్తం పోయింది, మణికట్టు వంచి పనిచేసిన చెయ్యి. ఒకదానికి బెల్టు తగిలించే కొమ్ములు నాలుగూ పసుపెక్కాయి, చెమట ఎక్కువ పట్టే మనిషి. ఒకదాని డయల్ ఎండకు వెలిసి టీరంగుకు తిరిగింది. తేడా అంతా మనుషులు తెచ్చిందే. వేర్వేరు మోడళ్ళు పక్కపక్కన పెడితే ఫ్యాక్టరీ తేడాలు కనబడతాయి, మనుషులు కనబడరు.

హెచ్‌ఎంటి అయ్యాక ఆల్విన్ వెతకండి. 1942లో హైదరాబాద్‌లో పుట్టిన ఆల్విన్ అప్పటి రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ. బీరువాలు, ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, పుష్పక్ స్కూటర్లు చేసింది. 1980ల్లో సైకో సాంకేతికతతో వాచీలు కూడా చేసింది. ఇవాళ ఆ కంపెనీ లేదు, ఆ వాచీకి బజారులో పెద్ద ధర కూడా లేదు. ప్రభుత్వ కంపెనీ బొగ్గు తీసిన చేతికి ప్రభుత్వ కంపెనీ వాచీ. దీన్ని మనం దాచుకోకపోతే జెనీవావాళ్ళు దాస్తారా?

మెకానిక్‌తో బేరం ఆడకండి

మంచిర్యాలలోగానీ, గోదావరిఖనిలోగానీ స్ప్రింగు వాచీ విప్పి బిగించగలిగిన చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి. బ్యాటరీ మార్చేవాళ్ళు వీధికొకరున్నారు. కంటికి అద్దం బిగించుకుని, హెయిర్ స్ప్రింగు వంకర పట్టకారుతో సరిచేసేవాళ్ళు కొందరే. అలాంటాయన దొరికితే అడిగినంత ఇవ్వండి. రెండు నెలల దాకా వాచీ ఇవ్వకపోయినా ఫోన్ చేయకండి. మీ స్పేరు వాచీలు కొన్ని ఆయన డబ్బాలోనే ఉంచండి, ఇంకొకరి వాచీకి వాడుకుంటే వాడుకోనివ్వండి. ఆయన బల్ల మీదికి ఎంత ఎక్కువ పని వస్తే అంత ఎక్కువ కాలం ఆ దుకాణం తెరిచి ఉంటుంది. మీ సేకరణ ఆయుష్షు దాని మీదే ఆధారపడి ఉంది.

ఆయన విడిభాగాలను పెట్రోలులో కడిగితే అడ్డం చెప్పకండి. పెట్రోలు వద్దు, ప్రత్యేక ద్రావణాలే వాడాలి, అల్ట్రాసోనిక్ యంత్రంలోనే కడగాలి అని ఈ మధ్య చదువుకుని వచ్చినవాళ్ళు ఆయనకు పాఠాలు చెప్తుంటారు. మన తండ్రుల వాచీలన్నీ పెట్రోలులోనే స్నానం చేసి నడిచాయి. చూడాల్సింది నూనె. ఒక్కో రాయి గుంటలో సూది మొన మీద నిలిచేంత చుక్క పెట్టాలి, అంతే. పొంగిపొర్లేలా పోస్తే అది పాకి హెయిర్ స్ప్రింగుకు అంటుకుంటుంది, చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ పిచ్చిగా ఉరుకుతుంది. వీలైతే ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని చూడండి. బ్యాలెన్స్ వీల్ మళ్ళీ మొదటిసారి ఊగే క్షణం చూసినవాడు డబ్బా, బిల్లు గురించి ఇక మాట్లాడడు.

సర్వీసు అయ్యాక కేసుకు పాలిష్ పెడతానంటే మాత్రం గట్టిగా వద్దనండి. అద్దం ఒక్కటి మినహాయింపు. పాత వాచీల అద్దం ప్లాస్టిక్ రకం కాబట్టి మెత్తని గుడ్డకు కాస్త పళ్ళపేస్టు రాసి రుద్దితే సన్న గీతలు పోయి అంకెలు కనబడతాయి. లోతు గీతలు ఉండనివ్వండి.

పేరు కొట్టించండి

వెనక మూత మీద పేరు చెక్కితే తిరిగి అమ్మేటప్పుడు ధర పడిపోతుందని హెచ్చరిస్తారు. పడిపోవాలనే నేను కొట్టించమంటున్నాను. ధర పడ్డ వాచీ ఇంట్లోనే ఉంటుంది.

ఎక్కడ కొట్టించాలి? స్టీలు సామాను దుకాణంలో. పెండ్లికి పెట్టే బిందెల మీద, చెంబుల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టే చిన్న మిషను ఉంటుంది చూడండి, అదే. ఆ చుక్కల అక్షరాలు మన ఇండ్లలో ప్రతి గిన్నె మీదా ఉన్నవే. వాచీ వెనక కూడా అవే ఉండాలి. మొదట పెట్టుకున్న మనిషి పేరు, ఆయన బాయి పేరు. ఆర్కే-5 అనో, ఆర్కే-7 అనో, ఎస్సార్పీ-1 అనో. కింద కొద్దిగా చోటు వదలండి, తర్వాత వచ్చేవాళ్ళ పేర్లకు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: మెకానిక్‌తో మూత తీయించి, మూత మాత్రమే దుకాణానికి తీసుకుపోవాలి. వాచీ మొత్తం ఆ మిషను కింద పెడితే అదురుకు బ్యాలెన్స్ ఇరుసు దెబ్బతింటుంది, పారా షాక్ ఉన్నా సరే.

షిఫ్టు ప్రకారం కీ ఇవ్వండి

బట్టలకు సరిపోయే వాచీ పెట్టుకోవాలని, మిగిలినవి మెత్తటి పెట్టెలో ఆపి ఉంచాలని చెప్తారు. నస్పూర్‌లో వాచీలకు కూడా షిఫ్టులుండాలి. మీ దగ్గరున్నవాటిని మూడు గుంపులు చేయండి. మొదటి షిఫ్టు వాచీలకు పొద్దున ఆరింటికి, రెండో షిఫ్టువాటికి మధ్యాహ్నం రెండింటికి, నైట్ షిఫ్టువాటికి రాత్రి పదింటికి కీ ఇవ్వండి. పెట్టుకున్న మనిషి ఇంట్లోంచి బయల్దేరే ముందు కీ ఇచ్చిన వేళలవి. ఆయన ఎక్కువగా ఏ షిఫ్టు చేశాడో ఇంట్లో అడిగి రాసుకున్న కాగితంలో ఉంటుంది. వారం వారం షిఫ్టు మారిన మనిషిదైతే మీరూ వారం వారం మార్చండి.

ఇందులో యంత్రానికి కూడా మేలుంది. స్ప్రింగు పూర్తిగా చుట్టుకున్నాక మొదటి ఇరవై నాలుగు గంటలు దాని బలం నిలకడగా ఉంటుంది, తర్వాత సన్నగిల్లి వాచీ తేడా చూపడం మొదలుపెడుతుంది. రోజూ ఒకే వేళకు కీ అందితే అది ఎప్పుడూ మంచి బలం మీదే నడుస్తుంది. నెలల తరబడి ఆపి ఉంచితే పాత నూనె గడ్డకట్టవచ్చు. పది వాచీలైతే పూటకు నాలుగు నిమిషాల పని. కీ ఇక తిరగనంటే ఆపండి, బలవంతం వద్దు. చేతికి పెట్టుకుని కీ తిప్పొద్దు, విప్పి తిప్పండి, లేకపోతే కడ్డీ పక్కకు ఒరిగి అరుగుతుంది.

నడిపినాక కచ్చితత్వం గురించి బెంగ పడకండి. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ ముద్ర కావాలంటే సగటున రోజుకు నాలుగు సెకన్లు వెనక్కో, ఆరు సెకన్లు ముందుకో మించి పోకూడదు. ఆ కొలత పట్టుకుని జనతాను కొలిచి బాధపడేవాళ్ళున్నారు. రోజుకు అర నిమిషం తేడాతో నడిచే వాచీ ముప్పై ఏండ్లు మస్టర్ తప్పకుండా చూసింది. అసలు టైమే తప్పుగా పెట్టమంటాను, పది నిమిషాలు ముందుకు. మా కాలనీల్లో వాచీ పెట్టిన తీరు అదే. ఏడింటికి మస్టరైతే వాచీలో ఏడయ్యేసరికి మనిషి ల్యాంప్ రూమ్ దగ్గర ఉండాలి. ఆ పది నిమిషాలు సరిచేస్తే వాచీ అలవాటును చెరిపేసినట్టే.

ఒక్కటి మాత్రం పట్టించుకోండి. నిన్నటిదాకా బాగున్న వాచీ ఉన్నట్టుండి గంటకు నిమిషాల లెక్కన ముందుకు ఉరికితే, అయస్కాంతం పట్టిందేమో చూడాలి. స్పీకరు మీదో, మాగ్నెట్ మూత ఉన్న ఫోను కవరు పక్కనో పెట్టి ఉంటారు. మెకానిక్ దగ్గర చిన్న యంత్రంతో క్షణాల్లో పోతుంది. దానికోసం వాచీ విప్పించుకోకండి.

పెట్టెలో, లాకరులో దాచొద్దు. అద్దం పక్కన గోడకు వరసగా మేకులు కొట్టి తగిలించండి. తల దువ్వుకునేటప్పుడు కనబడాలి, ఇంటికొచ్చినవాళ్ళు ముట్టుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు ఎంతమంది కూర్చుంటారో చూసినవాళ్ళకు తెలుసు. ఆగిన గడియారం ముందు ఎవరూ కూర్చోరు.

దుబాయి వాచీలో వారం అరబ్బీలోనే ఉంచండి

1970ల నుంచి కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలవాళ్ళు గల్ఫ్‌కు పోవడం పెరిగింది. ఒక అన్న బాయి మీద, ఒక తమ్ముడు దుబాయిలో ఉన్న ఇండ్లు చాలా. తమ్ముడు తెచ్చిన సైకో ఫైవ్ అన్న చేతికి ఎక్కింది. చెయ్యి ఊపితే చాలు, లోపలి బరువు తిరిగి దానంతట అదే స్ప్రింగు చుట్టుకుంటుంది. కీ నాలుగు అంకె పక్కన సగం దాక్కుని ఉంటుంది. గల్ఫ్ దేశాల కోసం చేసినవాటిలో వారం పేర్లు ఇంగ్లిషులోనూ అరబ్బీలోనూ ఉంటాయి, కీతో ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. సేకరణదారులు ఇంగ్లిషులోకి తిప్పేస్తారు. మీరు అరబ్బీలోనే ఉంచండి. చదవడం రాకపోతే నేర్చుకోండి, ఏడు మాటలే కదా. ఆ తమ్ముడు ఏడాది పొడుగునా చూసి చదువుకున్న వారాలవి.

ఆడవాళ్ళ వాచీలు ముందు కొనండి

పెద్ద డయల్‌కే గిరాకీ అని ఆడవాళ్ళ చిన్న వాచీలను ఎవరూ ముట్టుకోరు. సుజాతలు, ఇంకా చిన్నవి, తుక్కు ధరకు పోతున్నాయి. వాటి యంత్రం వేలిగోరంత. అంతటి యంత్రాన్ని విప్పి కూర్చగలిగినవాడే అసలు మెకానిక్. రామకృష్ణాపూర్ ఏరియా ఆస్పత్రి సిస్టరు నాడి పట్టుకుని సెకన్ల ముల్లు చూసిన వాచీ, సింగరేణి బడి టీచరమ్మ గంట కొట్టించడానికి చూసిన వాచీ అలాంటివే. నైట్ షిఫ్టుకు పోయే మనిషికి వేళకు అన్నం కట్టిన ఇల్లాలికి సొంత వాచీ ఉన్న ఇండ్లు తక్కువ. ఉన్న ఒక్కటీ దొరికితే వదలకండి.

ఇంకొక మాట. డయల్ మళ్ళీ పెయింట్ చేయించిన వాచీ గురించి అందరూ భయపెడతారు. అది సగం నిజం. ముంబయిలో పాత హెచ్‌ఎంటీల డయల్స్ గీకి నారింజ, ఆకుపచ్చ, ఆకాశనీలం రంగులు వేసి అమ్ముతారు. భూతద్దంలో చూస్తే అక్షరాల అంచులు మొద్దుగా, నిమిషాల గీతలు వంకరగా కనబడతాయి. వాటిని వదిలేయండి. కానీ డయల్ చెడిపోతే ఆ ఇంటి మనిషే బజారులో రాయించుకుని మళ్ళీ పదేండ్లు పెట్టుకున్న వాచీ వేరు. అక్షరం వంకరగా ఉన్నా కొనండి.

ఇక స్విస్ వాచీ సంగతి. సింగరేణి లాభాల వాటా పడ్డ నెలలో మంచి స్విస్ వాచీ కొంటే ఎట్లుంటదని కుర్రవాళ్ళు అడుగుతున్నారు. మంచిర్యాల జిల్లా అయ్యాక కలెక్టరేట్ నస్పూర్‌కే వచ్చింది, చేతుల మీద మెరిసే వాచీలూ పెరిగాయి. కొనగలిగితే కొనండి, నేనేమీ వద్దనను. కొన్నాక మాత్రం దాన్ని పనికి తొడగండి. పొలంలో, మోటారు షెడ్డులో, వానలో. సముద్రం అడుగుకు పోవడానికి చేసిన వాచీని బీరువాలో కూర్చోబెట్టొద్దు. రేపు ఎంతకు అమ్ముడుపోతుందన్న లెక్క మనసులోకి వచ్చినా కొనడం ఆపేయండి. ఆ డబ్బుకు బంగారం కొనుక్కోండి, అమ్మడానికి అది మేలు.

చివరగా, కొన్న వాచీని ఆ ఇంటివాళ్ళు ఎప్పుడైనా తిరిగి అడగవచ్చు. కొడుక్కు ఉద్యోగం వచ్చినప్పుడు, మనవడి పెండ్లప్పుడు తాత వాచీ గుర్తొస్తుంది. ఎన్నేండ్లయినా, బజారులో దాని ధర ఎంత పెరిగినా, కొన్న ధరకే ఇచ్చేయండి. సర్వీసుకు పెట్టిన ఖర్చు లెక్కలోకి తేవద్దు. మీరు రాసి పెట్టుకున్న కాగితం కూడా ఇచ్చేయండి, కావాలంటే నకలు ఉంచుకోండి. మెకానిక్ దుకాణం ఎక్కడుందో, ఆయన డబ్బాలో వాళ్ళ వాచీకి సరిపోయే స్పేరు ఏది ఉందో మాత్రం మరిచిపోకుండా చెప్పండి, రేపు స్ప్రింగు తెగితే వాళ్ళకు అక్కరకొస్తుంది.